రెక్కల్లేని కారు

"ఈ కారు రెక్కలు కోసేశారు!"

మైదానంలో వరసగా నిలబెట్టిన పాత బ్రిటిష్ కార్ల మధ్య ఆ మాట పిడుగులా పడింది. అన్నది జడ్జి. ఆకుపచ్చ కారు వెనక భాగాన్ని, దొంగని పట్టిచ్చినట్టు వేలెత్తి చూపిస్తున్నాడు.

"ఎవరు కోశారండీ?" అంది కారు తెచ్చినావిడ. ఆవిడ స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున్నే కారు కడిగి, తుడిచి, అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఈ ప్రదర్శనకి రావడం ఇదే మొదలు.

"అది మీరే చెప్పాలి. యాభై ఎనిమిది మోడలుకి వెనక రెండు రెక్కలుండాలి. మీది గుండు కొట్టించుకున్నట్టుంది."

"కంపెనీ ఇలాగే ఇచ్చింది."

"నా పుస్తకంలో అలా లేదే!"

పాత కార్ల మీద దిండంత పుస్తకం రాసినవాడాయన. వీధి చివర బంపరు మెరిస్తే చాలు, ఏ మోడలో, ఏ ఏడాదిదో చెప్పేస్తాడని పేరు. ఆ పుస్తకం అట్ట మీదున్న మీగడరంగు కారు పళ్ళ డాక్టరుది. అదీ ఇదే మోడలు. ఇప్పుడు పక్కనే, తాడు కట్టిన గడిలో నిలబడి ఉంది. దాని వెనక రెండు వైపులా జానెడు రెక్కలు, ఎగరబోతున్న పిట్టకి లేచినట్టు లేచి ఉన్నాయి.

"ఆ వంపు చూడండి," అన్నాడు డాక్టరు, చుట్టూ మూగినవాళ్ళతో. "అమెరికా వాడైతే రాకెట్టంత పెట్టేవాడు. బ్రిటిష్ వాడు ఎక్కడ ఆపాడో చూశారా? మర్యాదంటే అదీ!"

"నాకు రెక్కల్లేనిదే బాగుంది," అన్నాడు గడియారాలు బాగుచేసే ఆయన. "పైకప్పు నుంచి బంపరు దాకా గీత ఒక్క ఊపులో జారింది. రెక్కలు దాన్ని మధ్యలో తుంచేస్తున్నాయి."

"గడియారం ముల్లు తప్ప నీకు గీతేం తెలుసు?"

జడ్జి ఇవేవీ వినడం లేదు. ఆకుపచ్చ కారు డిక్కీలో తల దూర్చి, లైనింగు ఊడదీసి, టార్చి వేసి, భూతద్దం పెట్టి అంగుళం అంగుళం గాలిస్తున్నాడు. డ్రైవరమ్మ పంటి బిగువున నిలబడింది. పావుగంట తర్వాత ఆయన నడుం నిమురుకుంటూ లేచాడు.

"కోసిన గుర్తుందా?" అంది ఆవిడ.

"లేదు. అంటే పనివాడు ఘటికుడన్నమాట."

కారు తలుపు దబ్బున తెరుచుకుంది. అత్తగారు దిగింది.

"ఏవయ్యా! గుర్తుంటే కోసినట్టు, లేకపోతే ఇంకా బాగా కోసినట్టా? ఇదెక్కడి న్యాయం? ఈ కారు మా నాన్న కొత్తది కొన్నాడు. చిన్నప్పుడు ఈ వెనక మీద జారుడుబల్ల ఆడినదాన్ని నేను. రెక్కలుంటే నా గౌను మిగిలేదా?"

"జ్ఞాపకాలు సాక్ష్యం కావు పెద్దమ్మా. పుస్తకమే సాక్ష్యం."

"ఆ పుస్తకం రాసిందెవరు?"

"నేనే."

"మరి నీకు సాక్ష్యం ఎవరు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి మొహం కందగడ్డయింది. జేబులోంచి ఎర్ర కాగితం తీసి కారు ముందద్దానికి అంటించాడు. 'రూపు చెడినది' అని ఉంది దాని మీద.

"వచ్చే ఏడు రెక్కలు పెట్టించుకుని రండి. అదుగో, ఆ ముగ్గురూ పుస్తకం చూసి బుద్ధిగా పెట్టించుకున్నారు."

వరస చివర మూడు కార్లు, మూడింటికీ కొత్త రెక్కలు. వాటి యజమానులు నేల చూపులు చూశారు.

డ్రైవరమ్మ ఆ కాగితాన్ని పీకి, నలిపి, జడ్జి చేతిలో పెట్టింది. 

"మా డిక్కీ అంతా తిరగేశారు. డాక్టరుగారి డిక్కీ కూడా ఒకసారి చూడండి. రూలు అందరికీ ఒకటేగా?"

"నా కారునా?" డాక్టరు ఎగిరిపడ్డాడు. "ఆ లైనింగు నేను కొన్నప్పటి నుంచి ఎవరూ కదపలేదు!"

"అయితే కదపండి," అన్నాడు గడియారాలాయన.

"అవును, చూడాల్సిందే," అన్నారు ఇంకొందరు. వరస చివరి ముగ్గురూ అందరికంటే గట్టిగా అన్నారు.

డాక్టరు తాళంచెవి తీసి విసురుగా డిక్కీ తెరిచాడు. "చూసుకోండి! లోపల కంపెనీ ముద్ర కనబడ్డాక ఈవిడ నాకు క్షమాపణ చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి!"

జడ్జి లైనింగు మూల పట్టుకుని మెల్లగా ఊడదీశాడు. టార్చి పట్టుకుని, కుడివైపు రెక్క కిందకి తల పెట్టాడు. పెట్టినవాడు తీయడే!

"ముద్ర ఉందా?" అన్నాడు డాక్టరు.

"అక్షరాలు... ఉన్నాయి." డిక్కీలోంచి నూతిలో మాటలా వచ్చింది.

"చెప్పానా!" డాక్టరు జనం వైపు తిరిగి చేతులు చాచాడు. "గట్టిగా చదవండి సార్. ప్రతి ఒక్కరికీ వినబడాలి!"

జడ్జి తల బయటికి తీసి, ఎవరి మొహమూ చూడకుండా పక్కకి జరిగాడు. డ్రైవరమ్మ ఆయన చేతిలోని టార్చి అందుకుని లోపలికి వంగింది. రెక్క రేకుకి లోపలివైపు తెల్లరంగు, దాని మీద ఎర్రటి లావు అక్షరాలు. ఆవిడ వాటిని, బస్సు వెనక వరసలో పిల్లలకి కూడా వినబడేలా పిలిచే గొంతుతో చదివింది:

"ఇచ్చట బకెట్లకు మాట్లు వేయబడును."