దిగిన గీత

అరవై దాటాక అక్షరాలు దిద్దిన చెయ్యి నాది. నెమ్మదిగా రాస్తాను, ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి. మన్నించి చదువుకోండి.

సభ మొదలు కాకముందే హిల్కా తన ప్రశ్నను లోలోపల పదేపదే అనుకుంది. ఈ రోజు అడగకపోతే ఇక అడిగేది లేదు. ఆమెకు ఎనభై దాటాయి. డాక్టర్ ఎలోమాకు కూడా అంతే.

"ఏంటే అంత కంగారు? ఆయనేమన్నా నిన్ను పెళ్లాడమంటాడా?" అంది పక్క కుర్చీలోంచి సైమి.

"నోర్మూసుకుని కాఫీ తాగు."

విశ్వవిద్యాలయం వాళ్లు ఇద్దరినీ ముందు వరసలోనే కూర్చోబెట్టారు. ఎలోమా ఒకప్పుడు ఫిన్లాండ్ సరస్సు ఒడ్డు ఊళ్లలో చేసిన పరిశోధన నాటి వాళ్లలో, కోర్పివారా ఊరి నుంచి ఇంత దూరం రాగలిగినవాళ్లు ఈ ఇద్దరే.

వేదిక మీద ఒకావిడ చెబుతోంది. ఎలోమా రాసిన ఆ ఒక్క వ్యాసం అచ్చయి నలభై ఏళ్లట. గుండెజబ్బు గురించి ప్రపంచంలో ఎవరు ఏం రాసినా దాని పేరు ఎత్తక తప్పదట. వెనక తెర మీద రెండు గీతలు వెలిగాయి. గుండెపోటుతో పోయిన మగవాళ్ల లెక్క. ఒక గీత పైపైకే పాకుతోంది. రెండోది సగానికి దిగిపోయింది.

"ఆ సరస్సు ఒడ్డు ఊళ్లు లేకపోతే ఈ వ్యాసమే లేదు," అందావిడ. అందరూ వీళ్లవైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

"మనది ఏ గీతే?" అంది సైమి.

"దిగిందే అయ్యుంటుంది. లేకపోతే మనల్నెందుకు పిలుస్తారు?"

"మరి మన మగాళ్లంతా ఏరీ?"

హిల్కా తెర మీది గీతల వైపు మళ్లీ చూసింది.

ఆ పరిశోధన రోజుల్లో ఏటా వేసవి మొదట్లో ఎలోమా ఊళ్లోకి వచ్చేవాడు. అప్పటికి గడ్డం కూడా సరిగ్గా రాని కుర్రాడు. హిల్కా భర్త వెయిక్కోని వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసేవాడు. బరువు, రక్తపోటు చూసి, కాస్త రక్తం తీసుకునేవాడు. తర్వాత ఇద్దరూ వచ్చి బల్ల ముందు కూర్చునేవాళ్లు. హిల్కా చిలికిన ఉప్పు వెన్న నల్ల రొట్టె మీద వేలెడు మందాన పట్టించి తినేవాళ్లు. డాక్టరూ తినేవాడు.

ఆయన వెళ్లాక హిల్కా అడిగేది. "ఏమన్నాడయ్యా?"

"ఏమంటాడు? ఎప్పటిలాగే ఉండమన్నాడు. ఆ గిన్నె ఇటు తొయ్యి."

ఒక చలికాలం, సరస్సు గడ్డకట్టినప్పుడు మంచు మీదుగా కబురొచ్చింది. ఆవలి ఒడ్డు వాళ్లు వెన్న మానేసి ఆకులూ దుంపలూ తింటున్నారని. కోర్పివారా అంతా పడీపడీ నవ్వింది.

"పాపం, కుందేళ్లయిపోయారు," అన్నాడు వెయిక్కో నోటి నిండా రొట్టెతో.

అతనికి నలభై ఆరు నిండాయి. బిర్చ్ చెట్టు నరకడానికి అడవికి వెళ్లి తిరిగి రాలేదు. సగం తెగిన చెట్టు పక్కన గుండె ఆగి పడి ఉన్నాడు. ఆ తర్వాతి ఏడు సైమి మొగుడు. ఆ పైన పడవలు చేసే ముసలాడి ఇద్దరు కొడుకులూ.

చాలా ఏళ్లకు రేడియోలో ఎవరో చెబుతుంటే హిల్కా విన్నది. వెన్న, ఉప్పు, గుండె. పిండి పిసుకుతున్న చెయ్యి ఆగిపోయింది. డాక్టరు చెప్పే ఉంటాడు! ఏటా అంత దూరం వచ్చేది మరెందుకు? తలుపు వేసిన ఆ గదిలో చెప్పే ఉంటాడు. ఈ తిండిపోతు మనిషే తన దగ్గర దాచాడు. వెన్న గిన్నె కోసం పిల్లల్నీ తననీ వదిలేసి పోయాడు.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఊరంతా చర్చి తోటలో తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు పెడతారు. తెల్లటి మంచు నిండా దీపాలే. ఆ ఏడు నుంచి వెయిక్కో దగ్గర మాత్రం చీకటి. "అబద్ధాలకోరు," అని పక్కనుంచి నడిచిపోయేది హిల్కా. పోయిన చలికాలం పాస్టరుకి కూడా చెప్పేసింది, తనను ఆ మనిషి పక్కన పూడ్చవద్దని.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఒక్కసారి డాక్టరు నోటి వెంట వినాలి.

సభ ముగిసింది. పూలగుత్తుల మధ్య ఎలోమా కప్పు పట్టుకుని నిలబడ్డాడు. హిల్కా కర్ర ఊతంతో ఆయన ముందుకు వెళ్లింది.

"కోర్పివారా వెయిక్కో భార్యను. గుర్తున్నానా?"

"మీ వెన్నను మరిచిపోతానా అమ్మా!"

"ఒక్క నిజం చెప్పండి బాబూ. వెన్న మానమని మీరు మా ఆయనకి చెప్పారు కదూ? నాకు చెప్పకుండా దాచాడు కదూ?"

కప్పు ఆయన పెదాల దాకా వెళ్లి ఆగింది. తెర మీద ఆ రెండు గీతలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఆయన చూపు పై గీత మీదికి వెళ్లింది.

"ఆయనేమీ దాచలేదమ్మా," అన్నాడు. "మానమని చెప్పింది ఆవలి ఒడ్డు వాళ్లకే, ఎవరూ ఏమీ చెప్పకపోతే ఎంతమంది పోతారో చూడడానికి ఎంచుకున్న ఊరు మీది."

— బొర్రా నాంచారమ్మ, 74 ఏళ్లు
ప్రస్తుతం ఉంటున్నది: యోయెన్సూ, ఫిన్లాండ్