ఆశమ్మ పెట్టిన శోకం

“సచ్చినోళ్లు లేకుండ శోకమెట్ల పెడ్త సారూ? ఉత్తగ ఏడిస్తె కీడు.”

నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన, కడుతున్న బిల్డింగు ముందు ఇసుక కుప్ప మీద కూర్చుని ఆశమ్మ సద్ది విప్పుతోంది. ఎదురుగా కెమెరా సంచీ భుజాన వేసుకుని సారు నిలబడ్డాడు. ఆమె ఉండే బస్తీలో అందరికీ ఆయన కెమెరా సారే. జనం పాటల మీద డాక్యుమెంటరీలు తీస్తూ తీస్తూ జుట్టు నెరిసింది, నడుం పట్టేసింది. చిక్కడపల్లిలో హాలు తీసుకుని చూపిస్తే ముందు వరసలో చుట్టాలు, వెనక వరసల్లో ఏసీ కోసం వచ్చినవాళ్లు. చప్పట్లు కొట్టి, టీ తాగి, “ఇంకా ఇవే తీస్తున్నారా?” అని అడిగి మరీ పోయేవాళ్లు. ఆయనకూ విసుగొచ్చేసింది. ఈ ఒక్కటీ పూర్తిచేసి కెమెరా అటక మీద పడేద్దామనుకున్నాడు.

ఆ ఒక్కటే తెమలడం లేదు. పురుడు పాట, పెళ్లి పాట, నాట్ల పాట అన్నీ దొరికాయి. చావు పాట దొరకలేదు. పాలమూరు శోకం మొదలు నుంచి చివరిదాకా వచ్చిన మనిషి ఆయనకు తెలిసి ఆశమ్మ ఒక్కతే. మోకాళ్లు అరిగిపోయి ఇక ఇటుకలు మోయలేక, రేపు పొద్దున్నే ఊరికి వెళ్లిపోతోంది. మళ్లీ రాదు.

“కీడు ఎవరికి ఆశమ్మా?”

“ఎవరి పేరు పెట్టి ఏడిస్తె వాళ్లకే. బతికున్నోని పేరు తీస్తె ఆయుష్షు తగ్గుతది. ఆ పాపం నాకెందుకు?”

“ఏదో ఒక పేరు ఊకెనే అనుకుని పాడు.”

“ఆ పేరున్నోడు యాడనో బతికే ఉంటడు గద!”

సారు ఇసుకలోనే చతికిలబడ్డాడు. పైన బస్సులు, ఆటోలు, బైకుల రొద.

“నిజంగనే ఒకాయన పోయిండు,” అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. “శ్రీపతి అని. నాకు బాగ కావల్సినోడు. ఏడ్చేటోళ్లు ఎవరు లేరు.”

ఆశమ్మ చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. “అయ్యో, గిదేంది సారూ! ముందుగాల చెప్పొద్దా? పా.”

అబద్ధం ఇంత తేలిగ్గా పారుతుందని ఆయన అనుకోలేదు. ఆటోలో అశోక్‌నగర్ చేరేదాకా ఆమె మొహం చూడలేకపోయాడు. ఆయన ఫ్లాటు కింద కోచింగ్ సెంటర్ మైకు మోగిపోతోంది. కిటికీలు మూశాడు, ఫ్యాను ఆపాడు, కెమెరా నిలబెట్టాడు.

“ఆయన తొడిగిన అంగి ఒకటి ముందర పెట్టు,” అంది ఆశమ్మ.

సారు తన బీరువా తెరిచి, మాసిపోయిన చొక్కా ఒకటి తెచ్చి చాప మీద పరిచాడు. ఇంత ముసలిదాన్ని మోసం చేస్తున్నానే అని సిగ్గుతో చచ్చిపోయాడు.

“ఎసొంటోడు సారూ?”

“ఊర్లు పట్టుకుని తిరిగిండు. పండుగకు ఇంట్ల ఉన్నది లేదు.”

“పెండ్లాం?”

“ఎదురుచూసి చూసి పుట్టింటికి పోయింది.”

“పాపం!” అంది ఆశమ్మ. కొంగు నెత్తిన కప్పుకుని, చొక్కా మీద అరచెయ్యి ఆనించి, గొంతెత్తింది.

“ఊరూరు దిరిగితివి కొడుకా శ్రీపతీ, నీ ఇల్లు మరిస్తివి కొడుకా! పండుగ పూట పీటేస్తె రాకపోతివి కొడుకా! గింత అలిసిపోతివా, ఒక్కమాటన్న చెప్పకపోతివా కొడుకా!”

కింద మైకు ఆగిపోయింది. కెమెరా వెనక సారు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్లలో ఎంతమంది ఏడుపు తీశాడో, తను మాత్రం ఏనాడూ ఏడవలేదు. తన గొంతు కూడా రికార్డవుతోందని తెలిసీ ఆపుకోలేకపోయాడు.

పాట అయ్యాక ఆశమ్మ కుళాయి కింద కాళ్లూ మొహమూ కడుక్కుంది. టీ వద్దంది. శోకం పెట్టిన ఇంట్లో ఏమీ తాగకూడదట.

“నువ్వు గూడ నెత్తి మీద నీళ్లు పోసుకో. ఆయన మంచోని లెక్కున్నడు. ఇగ ఫికరు లేదు సారూ, నిమ్మలంగ పోతడు.”

“అంతేనంటవా?” అన్నాడు సారు.

“అంతే.”

ఆమెను కవాడిగూడ బస్తీకి ఆటో ఎక్కించి, మెట్లెక్కలేక ఎక్కి వచ్చి, చొక్కా పక్కనే చాప మీద వాలిపోయాడు. ఫోను మోగింది. అవతల తన డాక్యుమెంటరీల ఎడిటర్ రాఘవేందర్.

“చావు పాట దొరికిందా, శ్రీపతి సార్?”