ఎటు తిప్పితే అటు

“ఇదిగో, ఇలా వెనక్కి మడిచేస్తే ల్యాప్‌టాప్ కాస్తా పలక అయిపోతుంది,” అంది ఆడపడుచు.

కోడలు మంచం కాళ్ల దగ్గర నిలబడి చూస్తోంది. పాలగ్లాసుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

మెట్ల మీద నుంచి పడ్డాక మామగారికి మాట పోయింది. కుడి చెయ్యి మాత్రం కాస్త లేస్తుంది. ఆ చేత్తో రాయించాలని ఆడపడుచు పక్క ఊరి నుంచి ఈ టచ్‌స్క్రీన్ మోసుకొచ్చింది.

“ఈ పెన్నుతో రాస్తే చాలు. చెయ్యి వణికినా పోల్చుకుని అచ్చక్షరాలు చేసేస్తుంది. ఎటు తిప్పితే అటు అక్షరాలూ తిరుగుతాయి. నాన్న మెడ తిప్పుకోనక్కర్లేదు.”

“రాసింది అందులో ఉండిపోతుందా అక్కా?” అన్నాడు కోడలి భర్త.

“చెరిపేదాకా ఉంటుంది.”

“నీ ఫోన్లో కూడా కనిపిస్తుందా?”

“కలుపుకుంటే కనిపిస్తుంది. ఏరా, కొనేవాడివి నువ్వైనట్టు ఇన్ని ప్రశ్నలేమిటి?”

“కలపకులే. నాన్నకి నచ్చదు.”

కోడలి ప్రాణం కాస్త కుదుటపడింది. తన కోసమే అడుగుతున్నాడు. ఆయన పడ్డ రోజు పొద్దున మెట్లు తడిగుడ్డతో తుడిచింది తనే. గుడ్డ గట్టిగా పిండినట్టే గుర్తు. కానీ కింద పడి ఉన్న మామగారిని మొదట చూసింది భర్త. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి చివరి మెట్టు మీది తడిని వేలితో చూపించాడు. “నేనెవరికీ చెప్పను. నువ్వూ నోరు మెదపకు. అక్కకి తెలిస్తే నిన్ను జైల్లో పెట్టించేదాకా నిద్రపోదు,” అన్నాడు. అప్పటినుంచీ ఆమె ఏ మూలకి వెళ్లినా మామగారి కళ్లు వెంట వస్తున్నాయి. ఆయన ముందు తలెత్తడం మానేసింది.

“ఎలా పడ్డావో రాయి నాన్నా,” ఆడపడుచు పెన్ను చేతికిచ్చింది.

ఆయన చూపు గదంతా తిరిగి కోడలి మీద ఆగింది. పెన్ను దుప్పటి మీదికి జారిపోయింది.

“అలిసిపోయాడు, వదిలెయ్. రేపట్నుంచి నేనే పక్కన కూచుని రాయిస్తాగా,” అన్నాడు భర్త. “పద, నీ బస్సు పోతుంది.”

ఆడపడుచు సంచి భుజాన వేసుకుంది. “ఛార్జింగ్ సాయంత్రందాకా వస్తుంది అమ్మాయ్. ఏమిటలా చూస్తావు, అదేం కరవదు,” అని నవ్వుతూ తమ్ముడి వెంట మెట్లు దిగింది.

కోడలు గబగబా పలక తీసెయ్యబోయింది. మామగారు ఆమె మణికట్టు పట్టుకుని ఆపారు. తర్వాత ఆ వేళ్లు పెన్ను కోసం దుప్పటంతా వెతికాయి.

ఆమె చేతులు జోడించింది. “తప్పయిపోయింది మామయ్యా. తడి చూసుకోలేదు. రాయకండి, మీ కాళ్లు పట్టుకుంటాను.”

ఆయన తల అడ్డంగా ఊపారు. పెన్ను అందుకుని రాయసాగారు. వంకర గీతలు ఒక్కొక్కటే అచ్చక్షరాలవుతున్నాయి.

కింద వీధి తలుపు మూసుకుంది. మెట్ల మీద భర్త అడుగులు. వచ్చేస్తున్నాడు, తనే చెరిపేస్తాడు అనుకుంది ఆమె.

మామగారు అరచేత్తో పలకని ఆమె వైపు తిప్పి ఎత్తారు. అక్షరాలు గిర్రున తిరిగి ఆమెకు ఎదురుగా నిలబడ్డాయి.

“పారిపో అమ్మా, నిన్నూ తోసేస్తాడు.”