మూడో అధ్యాయం

“మూడో అధ్యాయం తీసేస్తేనే సంతకం పెడతా,” అన్నాడు జయచంద్ర, థీసిస్‌ను బల్ల మీద అవతలికి తోసి.

“తీయను సార్,” అంది కృపాకుమారి.

రేపటితో గడువు అయిపోతుంది. గైడు సంతకం లేకపోతే ఆమె పిహెచ్‌డీ ఇక్కడితో ఆగిపోయినట్టే.

“అంత పెద్ద పారశీక సూఫీ కవి. దేవుని ప్రేమలో మునిగిపోయిన మనిషి. వందల ఏండ్లుగా జనం ఆయన ఉత్తరాలను కండ్లకద్దుకుంటాండారు. నువ్వు వాటిని తాసిల్దారాఫీసు అర్జీలు చేసి పెట్టినావు.”

“నేను చేయలేదు సార్. ఆయన రాసిందే అది. రొట్టెలు కాల్చేవానికి పన్ను తగ్గించమని సుల్తానుకు రాసినాడు. శిష్యుని అల్లునికి కొలువిప్పించమన్నాడు. ఆ ఊర్లో జనం ఎట్ల బతికినారో వాటిల్లోనే కదా తెలిసేది.”

“రొట్టె అంటే జ్ఞానం. సుల్తాను అంటే దేవుడు. నీళ్లంటే దైవకృప. అదీ చదవాల్సిన తీరు.”

“పైచేనోళ్లు కాలవకు అడ్డం కట్టినారు, మొగుడు పోయిన ఆయమ్మ వంతు నీళ్లు ఆయమ్మకు ఇడిపించండి, అని రాసినాడు సార్. దైవకృపకు గూడా వంతులుంటాయా?”

జయచంద్ర కుర్చీలోంచి లేచాడు. “నిజమైన విరాగిని ఎప్పుడన్నా చూసినావా నువ్వు? పద, చూపిస్తా. కుళ్ళాయప్ప తాత తప్పంటే ఆ అధ్యాయం తీసేయల్ల.”

“ఆయన తప్పన్నా తీయను. ఒప్పంటే మాత్రం మీరు సంతకం పెట్టల్ల.”

“అదేం పందెమమ్మా?” అన్నాడు గానీ, బండి తాళం తీసుకున్నాడు.

కళ్యాణదుర్గం దారిలో ఒక పల్లె పీర్లచావిడిలో ఉంటాడు కుళ్ళాయప్ప తాత. మాట్లాడటం మానేసి చాలా ఏళ్లయింది. బేస్తవారం వస్తే జయచంద్ర ఆయన పాదాల దగ్గరే ఉంటాడు. వీళ్లు వెళ్లేసరికి తాత అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాడు.

జయచంద్ర కాళ్లకు మొక్కి సంగతంతా చెప్పాడు. “స్వామీ, మీ మాదిరి అన్నీ వదిలేసినోళ్లు ఆఫీసర్లకు సిఫారసులు రాస్తారా? ఈ పిల్లకు మీరే బుద్ధి చెప్పల్ల.”

తాత కృపాకుమారి వైపు చూశాడు.

“చదివింది చదివినట్టే రాసినాను తాతా,” అందామె. “సార్ సంతకం పెట్టకపోతే నా చదువు పోతాది. పోతే పోనీ. లేని అర్థం మాత్రం రాయను.”

తాత చేతులు దులుపుకున్నాడు. పక్కనున్న కాగితం ముక్క మోకాలి మీద పెట్టుకుని ఏదో రాసి, మడిచి, జయచంద్ర చేతికిచ్చాడు.

జయచంద్ర దాన్ని కళ్లకద్దుకున్నాడు. “తాయెత్తులోకి మంత్రం,” అన్నాడు గుసగుసగా. “ఇన్నేండ్లలో నాకు దొరకలే ఈ భాగ్యం. చూస్తివా, నీ గొడవ ఆయన చెవికే పోలేదు.”

“ముందు చదవండి సార్.”

అతను భక్తిగా మడత విప్పాడు.

‘జయచంద్ర గారికి కుళ్ళాయప్ప రాయునది: ఈ బిడ్డ మనకు బాగా కావలసిన మనిషి. దయచేసి సంతకం పెట్టి పంపగలరు.’