ఊపిరాడని ఇటుకలు

ముసలాయన బొమ్మ ఇటుకను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

కూతుర్ని ఒళ్లో వేసుకుని ఎదురు బల్ల మీద కూర్చున్న తల్లికి ఒళ్లు జలదరించింది.

ఆసుపత్రి వరండాలో పిల్లల కోసం పెట్టిన పెట్టె అది. ఎవరెవరో ఇచ్చిన చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలు, పాతవీ కొత్తవీ కలగాపులగంగా ఉన్నాయి.

ముసలాయన ఒక్కొక్కటే తీసి, పెదాలకు ఆనించి ఉఫ్‌మని ఊదుతున్నాడు. కొన్నిటిని పెట్టెలో వేస్తున్నాడు. కొన్నిటిని జేబులో వేసుకుంటున్నాడు.

అసలే పిల్లకి జ్వరం దిగక ఆమె ప్రాణం గిలగిల్లాడుతోంది.

"ఏంటయ్యా ఆ పని? పిల్లలు ఆడుకునేవి ఎంగిలి చేస్తావా?"

"ఎంగిలి కాదమ్మా, చూస్తున్నా. కొన్నిట్లో ఊపిరాడదు."

"ఇటుకకి ఊపిరేంటి? బుర్ర గానీ చెడిందా?"

పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

"ఇవి పాతవమ్మా. పాప చేతికి..."

"నా పాప జోలికి రాకు! ముందు జేబులోవి తియ్యి. పసిపిల్లల బొమ్మలు కాజేయడానికి సిగ్గులేదూ?"

ఆయన జేబుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దాంతో ఆమె అనుమానం గట్టిపడింది. వాచ్‌మన్‌ని కేకేసింది.

కొత్తగా చేరిన వాచ్‌మన్ ముందూ వెనకా చూడకుండా ఆయన జేబు దులిపాడు. గుప్పెడు ఇటుకలు నేల మీద పడ్డాయి.

"ఒక్క మాట వినమ్మా... తల్లీ, ఒక్క మాట..."

గేటు దాకా ఆయన ఆ మాటే అంటూ పోయాడు.

ఆమె ఇటుకలన్నీ ఏరి, రుమాలుతో తుడిచి, మళ్లీ పెట్టెలో పోసింది. పీడ వదిలిందనుకుని పిల్లని పెట్టె దగ్గర దించింది. లోపలికి పిలుస్తారేమోనని తలుపు వైపు చూసింది.

తల తిప్పేసరికి పిల్ల ముఖం నీలం తిరిగింది.

నర్సు పిల్లని లాక్కుని లోపలికి పరుగెత్తింది. తలుపు మూసుకుంది.

తెరుచుకున్నాక కూడా లోపల్నుంచి ఏడుపు వినిపించలేదు.

డాక్టరు తల దించుకుని వెళ్లిపోయాడు. నర్సు అరచేతిలో చిన్న ఎర్ర ఇటుక ఉంది.

"గొంతులో ఇరుక్కున్నా, నడుమ రంధ్రం ఉంటే ఊపిరి ఆడేది తల్లీ. కొత్తవాటన్నిటికీ ఉంటుంది. ఇది పాతది..."

నర్సు వాచ్‌మన్ వైపు తిరిగింది.

"ఇవాళ తాత రాలేదా?"

వాచ్‌మన్ చూపు పిల్ల తల్లి వైపు తిరిగింది.

"పాతది ఒక్కటి కూడా వదలడే! తన మనవరాలు ఇలాగే పోయాక, తను పనిచేసే బొమ్మల ఫ్యాక్టరీలో పోట్లాడి మరీ ఇటుకకి ఆ రంధ్రం పెట్టించింది ఆ తాతే."