మసక ముద్ర

"అమ్మాయ్, ఈ ముద్ర మసగ్గా ఉంది. బండి వెనక్కి తిప్పించు."

కాగితాల అక్కకు ఒళ్లు మండిపోయింది.

ఆ మాటన్నది భూతద్దం తాత. గేటుకు అవతల, పొరుగు దేశపు కస్టమ్స్‌లో తనిఖీ అధికారి. ఏ కాగితమైనా సరే, జేబులోంచి భూతద్దం తీసి చూశాకే సంతకం పెట్టేవాడు.

అక్కది ఇవతలి గేటు. సరిహద్దు దాటే లారీలకు రెండేసి ప్రతులు రాయడం, ముద్ర కొట్టడం, పసుపు గీత దాకా వెళ్లి తాతకు అందించడం ఆమె పని. ఒక ప్రతి తాత ఉంచుకుంటాడు, ఒకటి తిరిగిస్తాడు. గీతకు అటూ ఇటూ మాట ఒకటే. జెండాలే వేరు.

ఆరేళ్లుగా ఇదే గొడవ. సున్నా వంకరగా ఉందంటాడు. తేదీ మీద సిరా చుక్క పడిందంటాడు. పెట్టాల్సిన తిప్పలన్నీ పెట్టి, చివర్లో "తిన్నావా తల్లీ?" అని అడుగుతాడు. ఆ మాటకు అక్కకు ఇంకాస్త మండేది.

ఆ రోజు మాత్రం మరీ అన్యాయం. పొద్దున్నుంచీ వరసబెట్టి పద్నాలుగు లారీలు తిప్పికొట్టాడు. అన్నింటికీ ఒకటే వంక. భూతద్దం జేబులోంచి తీసిన పాపాన పోలేదు.

పద్నాలుగో లారీ అక్క సొంత అన్నయ్యది. ఇరవయ్యేళ్లు ఎవరెవరి బళ్లో తోలి, ఇన్నాళ్లకు తనకంటూ ఒకటి కొనుక్కుని, వేసుకొచ్చిన మొదటి లోడు. నిండా టమాటాలు. ఇవాళ దాటకపోతే పారబోసుకోవడమే.

"సార్, మా అన్నయ్య సార్. ఈ ఒక్కటీ పోనివ్వండి."

"కుదరదమ్మా."

"పక్క గేట్లో బళ్లన్నీ దాటిపోతున్నాయి కదండీ!"

"ఆ గేటు నా చేతిలో లేదు తల్లీ. ఇదొక్కటే నా చేతిలో ఉంది."

"ముద్ర మళ్లీ కొట్టిస్తాను. నిమిషం పట్టదు."

"రేపు చూద్దాం. ఇవాళ ఒక్క బండీ రావడానికి వీల్లేదు."

ఇంక అక్క వల్ల కాలేదు. తిరిగిచ్చిన కాగితాలన్నీ అక్కడికక్కడే పరపరా చింపేసింది.

"మళ్లీ మీ మొహం చూడకుండా ఉంటే అంతే చాలు!"

తాత నొచ్చుకోలేదు.

"అలాగే కానీ. ముందు ఇంటికెళ్లి ఇంత తిను," అన్నాడు.

సాయంత్రం ఆరింటికి అవతలి ప్రభుత్వం సరిహద్దు మూసేసింది. దేశ భద్రత అన్నారు. అప్పటికే లోపలికెళ్లిన లారీలు జప్తు. డ్రైవర్లందరినీ గూఢచారులేమోనని పట్టుకున్నారు. పక్క గేటు దాటినవాళ్లు అరవై మంది.

వాళ్ల ఇళ్లల్లో ఎనిమిది నెలలు ఏడుపులు తగ్గలేదు.

టీవీల్లో కేకలూ తగ్గలేదు. శత్రువుతో వ్యాపారమేమిటని ఒకాయన, వ్యాపారం ఆగితే యుద్ధమేనని ఇంకొకాయన.

"వీళ్లలో ఒక్కడైనా టమాటా లారీ తోలాడా?" అనేవాడు అన్నయ్య.

తన టమాటాలు సగం కుళ్లిపోయాయి. మిగతా సగం వీధంతా పంచిపెట్టాడు. అయినా మనిషి ఇంట్లో ఉన్నాడు, బండి వాకిట్లో ఉంది. అంతకన్నా ఏం కావాలి!

"నీ మసక ముద్ర చల్లగుండ! అదే నన్ను కాపాడిందే," అంటూ ఆ పాత ముద్రను చెల్లెలి దగ్గర అడిగి తీసుకుని, లారీలో అద్దం ముందు దారం కట్టి వేలాడదీశాడు.

అక్క కొత్త ముద్ర చేయించబోతే, ముద్రలు చేసేవాడు లారీలో వేలాడుతున్న పాతదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికేం రోగం అక్కా? నిక్షేపంలా ఉంది."

"నీకేం తెలుసు! చెప్పింది చెయ్యి," అంది అక్క.

తొమ్మిదో నెలలో చర్చలు ఫలించాయి. డ్రైవర్లను వదిలారు. గేట్లు తెరిచారు.

అన్నయ్య లారీ ముందు పెట్టుకుని, కొత్త ముద్ర కొట్టిన కాగితాలతో అక్క పసుపు గీత దగ్గరికెళ్లింది. అవతల ఎవరో కొత్తావిడ. చూడకుండానే సంతకం పెట్టేసింది. తిన్నావా అని అడగలేదు. అక్కకు ఏదో వెలితిగా అనిపించింది.

"పెద్దాయన లేరా మేడమ్? భూతద్దం..."

"గేటు మూసిన మర్నాడే ఉద్యోగంలోంచి తీసేశారు. పెన్షన్ కూడా ఇవ్వలేదు. ఎటెళ్లిపోయారో ఎవరికీ తెలీదు."

"అయ్యో! ఎందుకు?"

"ఇప్పుడు దాపరికమేముందిలే, మా పేపర్లన్నిట్లో వచ్చింది. మూసే సంగతి ఆ పొద్దున్నే మా గేట్లకు రహస్యంగా చెప్పారు. సాయంత్రం దాకా వచ్చిన బండినల్లా రానిచ్చి, ఆ తర్వాత పట్టుకోమన్నారు. ఈ గేటుకు ఒక్కటీ చిక్కలేదు."

"ఆయన తప్పేం లేదు మేడమ్!" అక్క కంగారుగా అడ్డుపడింది. "మా ముద్రే మసగ్గా ఉంది. అందుకే తిప్పిపంపారు. కావాలంటే నేనొచ్చి సాక్ష్యం చెబుతాను."

ఆవిడ సొరుగు లాగి ఒక కట్ట తీసి చేతికిచ్చింది. ఆ రోజు తాత ఉంచుకున్న ప్రతులు. పైన బరువుగా ఆయన భూతద్దం.

భూతద్దం పక్కన పెట్టి, అక్క ఒక్కో కాగితం తిరగేసింది.

పద్నాలుగింటి మీదా ముద్ర, ఏ అద్దమూ అక్కర్లేకుండానే, అక్షరం అక్షరం స్పష్టంగా ఉంది.