చెక్కేసిన మొహం

ముసలాయన మళ్ళీ అద్దాల పెట్టె మీదికి వాలిపోయాడు.

వాచ్‌మన్ గదమాయించబోతే నాణేలమ్మ వద్దంది.

మ్యూజియంలో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. రోమన్ నాణెం మీద ఓ చిన్న గీత చూసి ఆ రాజుగారి వయసూ మొండితనమూ చెప్పేస్తుంది. బతికున్న మనిషి మొహంలోకి మాత్రం చూడదని చాటుగా నవ్వుకుంటారు.

చూడ్డానికి ఎవరున్నారు గనక? తండ్రి పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. గోడ మీద ఒక ఫోటో ఉంది. అందులో తండ్రి పక్కనున్న మనిషి మొహాన్ని తండ్రే బ్లేడుతో గీకేశాడు. ఎవరని చిన్నప్పుడు అడిగితే, వాడి మాట ఎత్తొద్దన్నాడు. ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

ముసలాయన వచ్చినప్పుడల్లా ఆ ఒక్క నాణెం దగ్గరే ఆగుతాడు. దాని మీద ఎదురెదురుగా ఇద్దరు అన్నదమ్ములు. గద్దె కోసం అన్న తమ్ముణ్ణి చంపించి, నాణేల మీద మొహం కూడా చెక్కేయించాడు.

"మొహమే లేదు కదమ్మా, తమ్ముడని ఎలా పోల్చారు?"

"చెవి మిగిలింది చూడండి. తమ్మె వేలాడకుండా చెంపకి అతుక్కుని ఉంది. అన్నదీ అంతే. ఒకే ఇంటి చెవులు."

ముసలాయన మెల్లగా మంకీ టోపీ తీసి, పక్కకి తిరిగి నిలబడ్డాడు.

ఉక్కపోస్తోందేమోనని ఆవిడ ఫ్యాన్ వేసింది.

"పోల్చుకున్నాక, ఆ మొహం మళ్ళీ బాగుచేసి పెడతారా తల్లీ?"

"అబ్బే, చెరిపేసింది చెరిపేసినట్టే ఉంచాలి. మేం చెయ్యి పెట్టకూడదు. అది మా పద్ధతి."

ఆయన తలూపాడు. "పద్ధతేలే అమ్మా" అని, టోపీ చేత్తోనే పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఆవిడకి ఎందుకో వెలితిగా అనిపించింది. ఎవరని, ఎక్కడుంటారని ఒక్కసారైనా అడగలేదు.

వాచ్‌మన్‌ని అడిగింది.

"ఊరొదిలి వెళ్ళిపోతున్నానన్నాడు మేడమ్. వచ్చిన పని కాలేదట."

ఆ సాయంత్రం ఇల్లు సర్దుతూ ఫోటో దుమ్ము తుడిచింది. అలవాటు కొద్దీ కళ్ళు తండ్రి చెవి దగ్గర ఆగాయి. తమ్మె చెంపకి అతుక్కుని ఉంది. చెయ్యి దానంతటదే తన చెవి మీదికి వెళ్ళింది.

తర్వాత పక్క మనిషిని చూసింది.

బ్లేడుకి తప్పించుకుని మిగిలిన ఆ చెవి, టోపీ తీసి, పక్కకి తిరిగి, తను చూస్తుందేమోనని అంతసేపూ నిలబడ్డ బాబాయిది.